సూది తడబడే చోటు

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో మాకొక ప్రాక్టికల్ ఉండేది. డ్రాయింగ్ బోర్డు మీద తెల్ల కాగితాన్ని నాలుగు మూలలా పిన్నులతో బిగించి, మధ్యలో దండాయస్కాంతం పెట్టి, చుట్టూ చిన్న దిక్సూచిని జరుపుకుంటూ పోవాలి. సూది మొన ఆగిన చోట పెన్సిల్ చుక్క. ఆ చుక్క మీదికి సూది తోక వచ్చేలా దిక్సూచిని జరిపి మళ్ళీ చుక్క. చుక్కలన్నీ కలిపితే ఒక బలరేఖ. గంట తిరిగేసరికి కాగితం మీద మెలికల ముగ్గు పడేది. అయస్కాంతం ఉత్తర ధ్రువాన్ని ఉత్తరం వైపే ఉంచితే, దానికి రెండు పక్కలా చెరో చోటు తగిలేది. అక్కడికి రాగానే సూది తడబడేది. బోర్డును వేలితో తడితే ఒకసారి ఉత్తరం, ఇంకోసారి తూర్పు. అయస్కాంతం లాగే లాగుడూ భూమి లాగే లాగుడూ ఆ చోట సమానంగా, ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పాఠ్యపుస్తకంలో దాని పేరు తటస్థ బిందువు.

దాని చుట్టూ సున్న చుట్టి, దూరం కొలిచి, సూత్రంలో వేసి, రికార్డులోకి ఎక్కించేవాళ్ళం. (మాలో సగం మంది రావలసిన దూరం సీనియర్ల రికార్డులో ముందే చూసుకుని, చుక్కలు తర్వాత పెట్టేవాళ్ళు.) రెండు బలాలు కలిసి సున్నా అయిపోయిన చోట ఇంకేదైనా జరుగుతుందా అని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఏమీ లేని చోట ఏం జరుగుతుంది?

1940లలో సిడ్నీలో రోనాల్డ్ జొవనెల్లికి ఆ చోటు మీదే అనుమానం వచ్చింది. ఆయన చూస్తున్నది దండాయస్కాంతాన్ని కాదు, సూర్యుణ్ణి. సూర్యుడి మీద ఉన్నట్టుండి భగ్గుమని లేచే జ్వాలలు ఎక్కడ పడితే అక్కడ లేవడం లేదు. పెద్ద మచ్చల గుంపుల దగ్గర, అందులోనూ ధ్రువాలు కలగాపులగంగా ఉన్న గుంపుల దగ్గరే ఎక్కువగా లేస్తున్నాయి. సూర్యుడి మచ్చ అంటే బలమైన అయస్కాంతమే. ఉత్తరాలూ దక్షిణాలూ అలా కిక్కిరిసి ఉంటే వాటి మధ్య ఎక్కడో ఒక చోట సున్నా తప్పదు. అయస్కాంత బలం ఉన్న చోట విద్యుదావేశ కణాలకు ముక్కుతాడు ఉంటుంది, సున్నా అయిన చోట ఆ తాడు ఉండదు. విద్యుత్తు అక్కడ యథేచ్ఛగా పరుగెత్తవచ్చు. 1946లో ఆయన ఈ మాటే 'నేచర్' పత్రికలో అచ్చు వేయించాడు.

కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హోయల్ కంట్లో అది పడింది. సూర్యుడి దగ్గర జరిగేది భూమి దగ్గర ఎందుకు జరగకూడదన్నది ఆయన ప్రశ్న. ధ్రువాల ఆకాశంలో పచ్చగా, ఎర్రగా కదిలే ధ్రువకాంతులకు కారణం అదేనేమో చూడమని తన విద్యార్థి జేమ్స్ డంజీకి అప్పగించాడు. ఇవ్వడమైతే ఒక్క మాటలో అయిపోయింది. డంజీకి మాత్రం ఆ పని పదేళ్ళకు పైగా పట్టింది.

ఎందుకు పట్టిందో తెలియాలంటే, అప్పటికి భూమి చుట్టూ ఉన్న చిక్కుముడి ఏమిటో చెప్పాలి.

సూర్యుడికీ భూమి అయస్కాంతానికీ ఏదో లంకె ఉందన్న అనుమానం 1859 నుంచీ ఉంది. ఆ సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ క్యారింగ్టన్ సూర్యుడి మచ్చల బొమ్మ గీస్తుండగా వాటి మీద తెల్లటి మెరుపు కనిపించింది. ఒక రోజు తిరగకుండానే భూమ్మీద టెలిగ్రాఫ్ తీగలు పిచ్చెత్తినట్టు ప్రవర్తించాయి. మన బొంబాయి కొలాబా వేధశాలలోనూ ఆ తుఫాను నమోదైంది. అక్కడి అయస్కాంత బలం దాదాపు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. అయినా పెద్దలు నమ్మలేదు. 1892లో రాయల్ సొసైటీ అధ్యక్షుడి హోదాలో లార్డ్ కెల్విన్ లెక్క కట్టి మరీ కొట్టిపారేశాడు. ఎనిమిది గంటల ఓ మోస్తరు అయస్కాంత తుఫానును సూర్యుడే లేపాలంటే, నాలుగు నెలల పాటు వెలుతురుగా, వేడిగా విరజిమ్మే శక్తినంతా అందుకే ఖర్చు పెట్టాలన్నాడు. లెక్కలో తప్పు లేదు. సూర్యుడు అన్ని దిక్కులకూ అయస్కాంత తరంగాలు పంపుతున్నాడన్న ఊహలోనే తప్పంతా ఉంది. సూర్యుడు పంపేది తరంగాలను కాదు, పదార్థాన్ని.

ఆ పదార్థం ప్లాస్మా. అంటే ఎలక్ట్రాన్లూ అయాన్లూ విడివిడిగా ఉన్న వాయువు. 1931 నాటికే సిడ్నీ చాప్‌మన్, విన్సెంట్ ఫెరారో, అలాంటి ప్లాస్మా మేఘం వచ్చి గుద్దుకుంటే భూమి అయస్కాంతం దాన్ని దూరంగానే నిలబెట్టి, తన చుట్టూ ఒక గూడు మిగుల్చుకుంటుందని చెప్పారు. 1940లలో స్వీడన్‌కు చెందిన హానెస్ ఆల్వేన్ దానికి ఇంకా గట్టి తాళం వేశాడు. విద్యుత్తు బాగా ప్రవహించే ప్లాస్మాలో అయస్కాంత బలరేఖలు కలకండ గడ్డలో దారంలా ఇరుక్కుపోయి ఉంటాయి. గడ్డ ఎటు పోతే దారం అటే. దారాన్ని లాగితే గడ్డ కూడా దానితోనే వస్తుంది. ఒక గడ్డలోని దారం ఇంకో గడ్డలోకి పోదు.

దీన్ని భూమికి వర్తింపజేస్తే తేలేదేమిటి? సూర్యుడి ప్లాస్మా తన దారాలతో తాను వస్తుంది. భూమి ప్లాస్మా తన దారాలతో తాను కూర్చుంటుంది. రెండూ నూనే నీళ్ళలా ఒకదానికొకటి అంటకుండా జారిపోవాలి. అంటే భూమి గూటికి తలుపే లేదు. మరి టెలిగ్రాఫ్ తీగలకు ఎందుకు పిచ్చెత్తింది? ధ్రువకాంతులకు శక్తి ఎక్కణ్ణుంచి వస్తోంది?

డంజీ జవాబు తటస్థ బిందువు దగ్గర ఉంది. రెండు దారాలు ఎదురెదురు దిశల్లో పక్కపక్కనే ఉన్నాయనుకోండి, ఒకటి పైకి, ఇంకోటి కిందికి. మధ్యలో బలం సున్నా. రెండు వైపుల నుంచీ ఒత్తితే, ఆ సున్నా దగ్గర గడ్డ పట్టు సడలి దారాలు తెగుతాయి. తెగిన కొసలు తమ పాత జోడీతో కలవవు. దీని పై కొస దాని పై కొసతో, దీని కింది కొస దాని కింది కొసతో ముడిపడతాయి. అప్పటిదాకా నిటారుగా ఉన్న రెండు దారాలు రెండు వంకీలవుతాయి. వంకీ తిరిగిన దారం తిన్నగా సాగాలని చూస్తుంది. పంగలకర్ర రబ్బరు వదిలినట్టు తనలో ఇరుక్కున్న ప్లాస్మాను పైకీ కిందికీ విసిరికొడుతుంది. 1953లో డంజీ రాసిన వ్యాసంలో ఈ తెగి అతుక్కునే మాట ఉంది. శాస్త్రంలో దీన్ని అయస్కాంత పునఃసంధానం అంటారు. మగ్గం మీద పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు కలిపే పనిని మన నేతవాళ్ళు అతకడం అంటారు. నాకు ఆ మాటే బాగా నచ్చింది. ఇక్కడి నుంచి అతుకు అనే రాస్తాను.

అతుకు పడుతుంది సరే, ఎంత వేగంగా పడుతుంది? 1956లో స్టాక్‌హోమ్ సభలో పీటర్ స్వీట్ దీని మీద మాట్లాడాడు. సభలో ఉన్న యూజీన్ పార్కర్ ఆ ఊహను పట్టుకుని సమీకరణాలు పూర్తి చేశాడు. ఫలితం నిరాశపరిచింది. ఎదురెదురు బలరేఖలు కలిసే చోటు పొడవాటి పల్చని రేకులా తయారవుతుంది. లోపలికి వచ్చిన ప్లాస్మా అంతా ఆ రేకు అంచుల్లోంచే బయటపడాలి. మార్నింగ్ షో వదిలాక హాలు మొత్తానికీ ఒకే సన్న గేటు తెరిచినట్టు. నిమిషాల్లో భగ్గుమనే సౌరజ్వాలకు ఈ లెక్క ప్రకారం నెలలు పట్టాలి. 1963లో హ్యారీ పెట్‌చెక్ ఆ గేటును గరాటులా వెడల్పు చేశాడు. ప్లాస్మా అంతా సున్నా దాకా రానక్కర్లేదు, సున్నా నుంచి విచ్చుకునే ఆఘాత తరంగాల దగ్గరే దిశ మార్చుకుని బయటికి పోతుందన్నాడు. వేగం కుదిరింది. కుదిరింది కాబట్టి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ గరాటు తనంతట తాను తెరుచుకుంటుందా అన్న సందేహం కంప్యూటర్లు పెరిగాక మళ్ళీ తలెత్తింది. దాని సంగతికి మళ్ళీ వద్దాం.

ఈలోగా పార్కర్ ఇంకో పెద్ద మాట అన్నాడు. ప్లాస్మా మేఘాలు అప్పుడప్పుడూ రావడం కాదు, సూర్యుడి నుంచి ఎడతెరిపి లేకుండా గాలి వీస్తోందన్నాడు. ఆ వ్యాసాన్ని చదివిన ఇద్దరు నిపుణులూ వద్దన్నారు. ఆస్ట్రోఫిజికల్ జర్నల్ సంపాదకుడు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకూ ఆ ఊహ రుచించలేదు. కానీ గణితంలో తప్పెక్కడో చూపించమంటే ఎవరూ చూపించలేకపోయారు. అచ్చు వేశాడు, 1958లో. తనకు నచ్చని వ్యాసాన్ని తన పత్రికలో వేసే సంపాదకులు ఏ కాలంలోనైనా తక్కువే. నాలుగేళ్ళకు శుక్రుడి వైపు వెళుతున్న మెరీనర్-2 నౌక దారి పొడవునా ఆ గాలిని కొలిచింది. సౌరపవనం సెకనుకు నాలుగైదు వందల కిలోమీటర్ల వేగంతో, ఘన సెంటీమీటరుకు గుప్పెడంటే గుప్పెడే కణాలతో, వాటిలో ఇరుక్కున్న సూర్యుడి దారాలతో వస్తోంది. ఆ దారాల బలం ఐదారు నానోటెస్లాలు. హైదరాబాద్ నేల మీద భూమి బలం 40 వేల పైచిలుకు. ఇంత బలహీనమైనది అంత బలమైనదాన్ని ఏం చేయగలదు?

బలం సంగతి వదిలేసి దిక్కు చూడాలని డంజీకి తట్టింది. తర్వాత ఆయన చెప్పుకున్నదాని ప్రకారం, పారిస్‌లో మోంపర్నాస్‌లోని ఒక కేఫ్‌లో కూర్చుని ఉండగా తట్టింది. అప్పుడాయన బుర్రలో తిరుగుతున్నవి ధ్రువాల మీది ఆకాశంలో కనిపించే విద్యుత్ ప్రవాహాలు. ధ్రువం మీదుగా పగటి వైపు నుంచి రాత్రి వైపుకు ఏదో సాగుతున్నట్టు, పక్కల నుంచి మళ్ళీ వెనక్కి వస్తున్నట్టు వాటి తీరు. ఏది వాటిని లాక్కుపోతోంది?

ఆయన గీసిన బొమ్మ మా ఇంటర్ ప్రాక్టికలే. దండాయస్కాంతం ఉన్న చోట భూమిని పెట్టండి. గదంతా నిండి ఉన్న భూమి క్షేత్రం స్థానంలో సౌరపవనం మోసుకొచ్చే క్షేత్రాన్ని పెట్టండి. భూమధ్య రేఖ పైన భూమి బలరేఖలు దక్షిణం నుంచి ఉత్తరానికి పోతాయి. సౌరపవనం దారాలు దక్షిణ దిక్కు చూపిస్తే రెండూ ఎదురెదురు. అప్పుడు భూమికి రెండు పక్కలా తటస్థ బిందువులు, ఒకటి సూర్యుడి వైపు, ఒకటి వెనక. మా కాగితం మీద సున్న చుట్టిన రెండు చోట్లు అవే. సూర్యుడి వైపు బిందువు దగ్గర సౌరపవనం దారం, భూమి దారం తెగి అతుక్కుంటాయి. ఇప్పుడా దారానికి ఒక కొస భూమి ధ్రువంలో ఉంది, రెండో కొస సౌరపవనంలో. గాలి పోతూ పోతూ ఆ దారాన్ని ధ్రువం మీదుగా వెనక్కి ఈడ్చుకెళుతుంది. వెనక దారాలు పోగుపడి తోకలా సాగుతాయి. అక్కడి తటస్థ బిందువు దగ్గర ఉత్తరపు దారం, దక్షిణపు దారం మళ్ళీ ఎదురెదురై, తెగి, అతుక్కుంటాయి. భూమి దారం భూమికి దక్కుతుంది, పక్కల నుంచి పగటి వైపుకు తిరిగొస్తుంది. ధ్రువాకాశంలో ఆయన్ని వేధించిన ప్రవాహాలు ఈ చక్రం అక్కడ వేసే నీడలు.

1961 జనవరిలో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో ఈ మాట రెండే పేజీల్లో అచ్చయింది. తలుపు లేదనుకున్న గూటికి డంజీ రెండు తలుపులు చూపించాడు, ముందు ఒకటి, పెరట్లో ఒకటి. 1965లో ఆ బొమ్మతోనే ఒక ముచ్చటైన లెక్క వేశాడు. దారం భూమి వైపు కొస ధ్రువం దాటడానికి కొన్ని గంటలు పడుతుంది. అంతసేపూ రెండో కొస సౌరపవనం మీద స్వారీ చేస్తుంది. వేగాన్ని కాలంతో గుణిస్తే తోక పొడవు వస్తుంది. దాదాపు వెయ్యి భూవ్యాసార్ధాలు, అంటే 60 లక్షల కిలోమీటర్ల పైమాట. కాగితం, పెన్సిల్, ఒక గుణకారం.

ఆ బొమ్మలో పరీక్షకు నిలబెట్టదగ్గ మాట ఒకటే. సౌరపవనం దారాలు దక్షిణం చూపినప్పుడు భూమి కల్లోలపడాలి, ఉత్తరం చూపినప్పుడు సద్దుమణగాలి. 1966లో డొనాల్డ్ ఫెయిర్‌ఫీల్డ్, లారెన్స్ కేహిల్ ఎక్స్‌ప్లోరర్-12 ఉపగ్రహం కొలతలను, ఉత్తర ధ్రువ ప్రాంతపు నేల మీది కొలతలను పక్కపక్కన పెట్టారు. దక్షిణం చూపినప్పుడే నేల మీద అలజడి.

అయినా అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాళ్ళలో మొదటి పేరు ఆల్వేన్‌దే. కలకండ దారం ఉపమానం నేను పెట్టింది గానీ, ఆ సిద్ధాంతం ఆయనది. 1970లో నోబెల్ వచ్చింది. అప్పటికి ఆయనే తన సిద్ధాంతాన్ని అతిగా వాడేస్తున్నారని విసుక్కుంటున్నాడు. బలరేఖలు మనం కాగితం మీద గీసుకున్నవి, నిజంగా దారాలేం కావు, లేని దారం తెగడమేమిటి, అతుక్కోవడమేమిటి అన్నది ఆయన వాదన. 1976లో ఆ మాటే పెట్టి ఒక వ్యాసం రాశాడు. ఈ వాదనలో సగం నిజం ఉందని నాకనిపిస్తుంది. మేం చుక్కలు కలిపితేనే కదా రేఖ వచ్చింది. చుక్కలు ఇంకో చోట మొదలుపెడితే ఇంకో రేఖ వచ్చేది. కానీ సూది తడబడిన చోటు మాత్రం ఎవరు గీసినా అదే. ఆల్వేన్ కాదన్నది రేఖల్ని. డంజీ బొమ్మలో ముఖ్యమైనది ఆ చోటు.

కాబట్టి ఆ చోటికి వెళ్ళి చూడాలి. ఎక్కడుందో తెలుసు. భూమికి సూర్యుడి వైపు సుమారు 64 వేల కిలోమీటర్ల ఎత్తున భూమి గూటి పొలిమేర ఉంటుంది. కష్టం దూరంలో లేదు. ఆ పొలిమేర నిలకడగా ఉండదు. సౌరపవనం కాస్త హెచ్చినా తగ్గినా సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతుంది. తెర గాలికి ఊగుతుంటే దాని దారప్పోగుల్ని లెక్కపెట్టడం లాంటి పని. పైగా ఉపగ్రహం గిర్రున తిరుగుతూ ఒక్కో చుట్టుకీ ఒక్కసారి అన్ని వైపులా చూస్తుంది. చుట్టు పూర్తయ్యే లోపు పొలిమేర దాటిపోతుంది.

1977 అక్టోబరులో అమెరికా, యూరప్ కలిసి ఐసీ-1, ఐసీ-2 అనే జంట నౌకల్ని పంపాయి. వాటి పరికరం మూడు సెకన్లకు ఒకసారి ప్లాస్మా వేగాన్నీ దిశనూ పట్టగలదు. 1978 సెప్టెంబరు 8న పొలిమేర దాటుతుండగా అవి వేగంగా పోతున్న ప్లాస్మా ధారను చూశాయి. పంగలకర్ర రబ్బరు వదిలితే రాయి ఎంత వేగంతో పోవాలని సిద్ధాంతం చెప్పిందో ఇంచుమించు అంత వేగం. గెట్జ్ పాష్‌మన్ బృందం 1979లో నేచర్‌లో ఆ సంగతి ప్రకటించింది. జొవనెల్లి నుంచి లెక్కేస్తే 33 ఏళ్ళు. అతుకు పడుతోందన్నది ఆ తర్వాత పెద్దగా వివాదం కాలేదు. కానీ వాళ్ళు చూసింది ఎగిరిన రాయిని. పంగలకర్రను చూడలేదు.

తర్వాతి ఇరవై ఏళ్ళను గబగబా దాటేస్తాను. పల్చని పొలిమేర మందం కొలవాలంటే ఒక నౌక చాలదు, రెండూ చాలవు, పిరమిడ్ కొసల్లా నాలుగు కావాలి. యూరప్ నాలుగు క్లస్టర్ నౌకలు కట్టింది. 1996 జూన్ 4న వాటిని మోసుకెళ్ళిన ఏరియన్-5 తొలి రాకెట్, గగనానికి లేచిన నలభై సెకన్లలోపే పేలిపోయింది. గైడెన్స్ ప్రోగ్రాములో ఒక పెద్ద సంఖ్య, దానికి కేటాయించిన 16 బిట్ల గదిలో పట్టలేదు. అంతే. మళ్ళీ నాలుగు కట్టి 2000లో సోయుజ్ రాకెట్ల మీద పంపారు. పెరటి తలుపు సంగతి 2008 ఫిబ్రవరి 26న థెమిస్ అనే నౌకలు తేల్చాయి. తోకలో, చంద్రుడికి మూడో వంతు దూరంలో ముందు అతుకు పడింది, తర్వాత ధ్రువకాంతులు భగ్గుమన్నాయి. మధ్య వ్యవధి నిమిషంన్నర.

ఇక పంగలకర్ర. పెట్‌చెక్ గరాటు తనంతట తాను తెరుచుకుంటుందా అన్న సందేహం దగ్గర ఆగాం కదా. 2001 ప్రాంతంలో పలు బృందాలు ఒకే సమస్యను వేర్వేరు ప్రోగ్రాములతో కట్టి చూశాయి. ప్లాస్మాను ఒకే ముద్దగా తీసుకుంటే అతుకు నత్తనడక నడుస్తోంది. బరువైన అయాన్లను, తేలికపాటి ఎలక్ట్రాన్లను విడదీసి చూస్తే పరుగెత్తుతోంది. కిటుకు ఇక్కడుంది. అయస్కాంత బలం ఉన్న చోట కణం బలరేఖ చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. దారం, గడ్డ అంటిపెట్టుకుని ఉండటమంటే ఈ గానుగ తిరుగుడే. అయాన్ బరువైన ఎద్దు, పెద్ద చుట్టు చుట్టాలి. సున్నాకు వంద కిలోమీటర్ల లోపు వచ్చేసరికి చుట్టుకు చోటు చాలదు, పలుపు తెగుతుంది. ఎలక్ట్రాన్ ఇంకా లోపలికి పోతుంది. కొద్ది కిలోమీటర్ల దగ్గర దాని పలుపూ తెగుతుంది. దారం నిజంగా జారిపోయేది ఆ కొద్ది కిలోమీటర్లలో. 64 వేల కిలోమీటర్ల అవతల, ఊగే తెరలో, ఒక ఊరి పొలిమేరంత చోటు. నౌక దాన్ని దాటడానికి పట్టేది సెకను కన్నా తక్కువ.

నాసా ఎమ్‌ఎమ్‌ఎస్ అనే నౌకలు కట్టింది ఈ ఒక్క పని కోసం. నాలుగు నౌకలు, ఒక్కోటి మూడున్నర మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు, ఎనిమిది పలకలు. రాకెట్‌లో టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి, 2015 మార్చి 12 రాత్రి కేప్ కెనావరల్ నుంచి పంపారు. పైకి వెళ్ళాక ఒక్కోటి నాలుగు వైపులా 60 మీటర్ల తీగలు చాచింది. నౌక మూడు సెకన్లకో నాలుగు సెకన్లకో తిరిగే దాకా ఆగే పద్ధతి మానేశారు. ఎలక్ట్రాన్ల కోసం ఎనిమిది కళ్ళు, అయాన్ల కోసం ఎనిమిది, చుట్టూరా అమర్చారు. అన్నీ కలిసి 30 మిల్లీసెకన్లకు ఒకసారి ఎలక్ట్రాన్ల పూర్తి చిత్రం తీస్తాయి. రెప్పపాటుకు మూడు నాలుగు చిత్రాలు.

అంత వేగంగా తీస్తే బోలెడంత డేటా పోగవుతుంది. అంతా భూమికి పంపడం కుదరదు. అందుకని రోజూ ఒక శాస్త్రవేత్త వంతు. నౌకలు ముందుగా పంపే ముతక కొలతలు చూసి, ఇదిగో ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా పూర్తిగా పంపమని ఏరాలి. ఏరనిది కొత్త కొలతల కింద చెరిగిపోతుంది. ఇన్ని వేల కోట్ల యంత్రం చివరికి ఒక మనిషి కంటి అంచనా మీద ఆగిందన్నది నాకు ఈ కథలో చాలా ఇష్టమైన సంగతి.

2015 అక్టోబరు 16. గ్రీనిచ్ కాలంలో మధ్యాహ్నం 1:07. మనకు సాయంత్రం 6:37, దసరా సెలవులు. నాలుగు నౌకలూ ఒకదానికొకటి పది కిలోమీటర్ల ఎడంలో పొలిమేర దాటుతున్నాయి. ఆ క్షణంలో ఎలక్ట్రాన్ల వేగాలను గ్రాఫు మీద పెడితే మామూలుగా గుండ్రంగా రావలసిన మచ్చ నెలవంకలా వచ్చింది. కంప్యూటర్లో మైకేల్ హెస్సే వాళ్ళు ముందే గీసి పెట్టిన నెలవంక. సౌరపవనం వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ సున్నాను దాటుతుంది. అవతలి బలం దాన్ని వెనక్కి తిప్పుతుంది. పూర్తి చుట్టు తిరగలేక పొలిమేర వెంట అటూ ఇటూ మెలికలు పోతూ, అక్కడి విద్యుత్ క్షేత్రం తోసిన కొద్దీ వేగం పుంజుకుంటుంది. పలుపు తెగిన ఎద్దు అడుగుల ఆనవాలే ఆ నెలవంక. మరి కొన్ని చిత్రాల తర్వాత నెలవంక వంపు తిరిగి బలరేఖ పొడవునా వాలింది. కొత్తగా అతికిన దారం వెంట ఎలక్ట్రాన్లు జారి పోతున్నాయన్నమాట. పది కిలోమీటర్ల ఎడంలో ఉన్న నౌకలు కూడా ఒకే దృశ్యం చూడలేదు. చోటు అంత చిన్నది. జిమ్ బర్చ్ బృందం 2016 మేలో సైన్స్ పత్రికలో ఆ నెలవంకల్ని అచ్చు వేయించింది. డంజీ ఆ ఫలితాన్ని చూడలేదు. ఎమ్‌ఎమ్‌ఎస్ ఎగిరిన రెండు నెలలకు, 2015 మేలో, 92 ఏళ్ళ వయసులో పోయాడు.

ఇప్పుడు దిక్కు చూడటం రోజువారీ పని అయిపోయింది. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందు, సూర్యుడి వైపు కాపలా ఉంది. దాని ఆరు మీటర్ల దూలానికి రెండు మాగ్నెటోమీటర్లు తగిలించి ఉన్నాయి, సౌరపవనం దారాలు ఎటు చూపుతున్నాయో చెప్పడానికి. అక్కడ సూది దక్షిణానికి వాలితే ఆ గాలి మన దగ్గరికి రావడానికి ఒక గంట వ్యవధి. 2024 మే 10 రాత్రి అలా గట్టిగా దక్షిణం చూపిస్తూ వచ్చిన గాలికి లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రబారింది.

మా ప్రాక్టికల్ పరీక్షలో వైవా చేసిన ఎగ్జామినర్ ఒకే ఒక ప్రశ్న వేశాడు. కాగితం మీదున్న అయస్కాంతాన్ని అటుదిటు తిప్పి పెట్టి, ఇప్పుడు నీ తటస్థ బిందువులు ఎక్కడికి పోతాయన్నాడు. పక్కల నుంచి పోయి అయస్కాంతం రెండు కొసలకు ఎదురుగా, అక్షం మీదికి వస్తాయని చెప్పాను. కంఠతా పట్టిన జవాబు.

భూమికి అదే ప్రశ్న వేస్తే, సౌరపవనం ఉత్తరం చూపినప్పుడు భూమధ్య రేఖ దగ్గరి తలుపు మూసుకుని, తటస్థ బిందువులు ధ్రువాల మీదికి పోవాలి. ఆ సంగతీ డంజీ 1960లలోనే రాశాడు. 2002 మార్చి 18న సౌరపవనం గంటల తరబడి ఉత్తరమే చూపింది. ఇమేజ్ అనే ఉపగ్రహం అతినీలలోహిత కెమెరాతో ఉత్తర ధ్రువం వైపు చూస్తోంది. పగటి వైపు, ధ్రువకాంతుల వలయానికి పైన, విడిగా ఒకే ఒక వెలుగు చుక్క. అతుకు దగ్గర విసిరేసిన ప్రోటాన్లు వచ్చి పడుతున్న చోటది. పైన అదే సమయానికి క్లస్టర్ నౌకలు ఆ బలరేఖల్ని దాటుతూ ధారల్ని పట్టుకున్నాయి. చుక్క దాదాపు నాలుగు గంటల పాటు, ఆరకుండా, అక్కడే వెలుగుతూ ఉంది.